నెమ్మెక్కిన గోడ

మా ఇంటి మెట్ల మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం అక్కయ్యకు ఆ వానాకాలంలో అలవాటైంది. అక్కయ్య అంటే నా తోడబుట్టింది కాదు. మా బావగారి భార్య, నాకు తోటికోడలు. విజయవాడ వన్ టౌన్‌లో మాది పాత మేడ. కింద గొడౌన్, దాన్ని మిరపకాయల వ్యాపారికి అద్దెకిచ్చారు. మొదటి అంతస్తులో బావగారూ అక్కయ్యా, రెండో అంతస్తులో మేమూ ఉంటాం. బావగారికి స్టీలు సామాన్ల కొట్టు ఉంది. మా ఆయన బీమా ఆఫీసులో పని చేస్తారు. నేను స్కూల్లో తెలుగు చెప్తాను. పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిపోయాక ఇంట్లో మిగిలింది మేం నలుగురమే.

అక్కయ్య జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. పడకగదిలోనే కర్రచట్రం బిగించుకుని, దాని మీద పట్టుగుడ్డ సాగదీసి, పొద్దున పదింటి నుంచి వెలుతురు తగ్గేదాకా జరీతో పూసలతో కుడుతూనే ఉంటుంది. పెళ్లిళ్ల కాలంలో గాంధీనగర్ నుంచీ పటమట నుంచీ కూడా ఆమె దగ్గరికి వస్తారు. ఏదైనా కొత్త డిజైను పూర్తయితే నాకు చూపించడానికి మెట్లెక్కి వచ్చేది. ఆ వానాకాలంలో రావడం తగ్గించింది. వచ్చినా మలుపు దగ్గర మెట్ల రెయిలింగు పట్టుకుని నిలబడేది. నేను పైనుంచి చూస్తే, "నడుం పట్టేసిందే" అని ఏదో చెప్పేది. నడుం పట్టినవాళ్లు అలా నోరు తెరిచి గాలి పీల్చరని నాకు తెలుసు.

దగ్గు కూడా ఉండేది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే దానికి కారణం అందరికీ తెలుసనుకున్నాం. "మిరపకాయల మీద కాపురం చేస్తా దగ్గు రాకుండా ఎట్టా ఉంటదమ్మా" అనేవారు బావగారు. అది నిజమే అనిపించేది. బస్తాలు దింపే రోజుల్లో వీధి వీధంతా తుమ్ముతుంది. కానీ ఆ ఘాటు మాకూ వస్తుంది కదా, మాకెవరికీ ఇలా లేదు కదా అని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అన్నదమ్ములిద్దరికీ కొన్నేళ్లుగా మాటల్లేవు. కింది గొడౌన్ అమ్మేసి ఆ స్థలంలో కొత్తగా కట్టుకుందామని మా ఆయన, నాన్న కష్టపడి కొన్నది అమ్మేది లేదని బావగారు. ఒక సాయంత్రం మాటా మాటా పెరిగింది. అప్పటి నుంచీ ఒకే మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. "మోటారు వెయ్యమని పైన చెప్పు" అని బావగారు అక్కయ్యతో అంటే, ఆమె నాకు చెప్పేది, నేను మా ఆయనకు చెప్పేదాన్ని. ఆడవాళ్లం ఇద్దరమే ఆ ఇంటిని కలిపి ఉంచిన అతుకు.

ఒకసారి అక్కయ్య పుట్టింటికి చల్లపల్లి వెళ్లింది. వాళ్ల తమ్ముడి కొడుక్కి పెళ్లిచూపులు. తిరిగొచ్చిన రోజు మెట్లన్నీ ఆగకుండా ఎక్కి వచ్చి, వాళ్ల తోట అరటిపళ్లు నా చేతిలో పెట్టింది. మొహంలో కళ ఉంది. వారం తిరక్కుండా మళ్లీ అదే దగ్గు. నేనిక ఊరుకోలేదు. స్కూలుకి సెలవు పెట్టి, ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి వెంటబెట్టుకుని తీసుకెళ్లాను.

డాక్టరమ్మ గొట్టంలోకి ఊదించింది, వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నది. పిల్లికూతలు వినిపిస్తున్నాయంది.

"దగ్గు ఇంట్లో ఎక్కువగా ఉంటుందా, బయటికెళ్లినప్పుడాండీ?"

"అట్టా ఏం చూసుకోలేదండీ" అంది అక్కయ్య.

"మొన్న చల్లపల్లి వెళ్తే బాగా తగ్గిందండి. వచ్చాక మళ్లీ మొదలైంది" అన్నాను నేను.

డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తింది. "ఇంట్లో గోడలకి చెమ్మ ఉందా? ఎక్కడైనా నల్లగా బూజు పట్టిందా?"

"లేదండీ" అంది అక్కయ్య, చాలా తొందరగా. అని, నా వైపు ఒకసారి చూసి కళ్లు దించుకుంది.

డాక్టరమ్మ కూడా ఆ చూపు గమనించిందేమో, విషయం మాత్రం వివరంగా చెప్పింది. తడి గోడ మీద పెరిగే బూజు నుంచి కంటికి కనపడని పొడి గాల్లోకి లేస్తుందట. అందరికీ అది పడకపోవాలని లేదట. కొందరికి ముక్కు కారడం, కళ్లు మండడం, దగ్గు. ఉబ్బసం లక్షణాలున్నవాళ్లకు మాత్రం ఊపిరే కష్టమవుతుందట. పసిపిల్లలూ, వయసు మళ్లినవాళ్లూ, ఒంట్లో శక్తి తగ్గినవాళ్లూ ఉన్న ఇంట్లో దాన్ని అసలు ఉంచకూడదంది. "ఇన్‌హేలర్ రాస్తున్నాను, అది పని చేస్తుంది. కానీ కారణం ఇంట్లోనే ఉంటే మందు ఎంతకని పని చేస్తుందండీ" అంది.

ఇంటికొచ్చాక నేను పైకి వెళ్లకుండా ఆమె వెనకే లోపలికి నడిచాను. హాల్లో కూర్చుని కబుర్లు చెప్పుకోవడమే తప్ప, ఆమె పడకగదిలోకి నేను వెళ్లి చాలా కాలమైంది. తలుపు తీయగానే వాసన తగిలింది. తడిసి ఆరని గుడ్డల మూట విప్పినట్టు. మగ్గం చట్రం, దాని వెనక మంచం, మంచం తలాపున గోడకు ఆనించిన ఇనప బీరువా. బీరువా పక్కన పైనుంచి కింది దాకా ఒక కర్టెన్ వేలాడుతోంది. అక్కడ కిటికీ లేదు.

"ఆ కర్టెన్ ఎందుకక్కయ్యా?"

ఆమె మగ్గం మీది గుడ్డ సర్దుతూ ఉండిపోయింది. నేను పక్కకు తీశాను. గోడ సున్నం పొక్కిపోయి ఉంది. పైనుంచి కిందికి ధారలు కట్టిన మరకలు. వాటి మీద నలుపూ ఆకుపచ్చా కలిసిన మచ్చలు, బొగ్గుపొడి అద్దినట్టు. అవి బీరువా వెనక్కి కూడా పాకాయి. ఆమె రోజంతా కూర్చుని కుట్టే చోటికి అది చేయి చాపితే అందేంత దూరం.

"ఎప్పటి నుంచి ఇది?"

"పోయిన వానాకాలం నుంచే."

"మరి డాక్టరమ్మ అడిగితే లేదన్నావేంటి?"

అక్కయ్య మంచం అంచు మీద కూర్చుంది. "పైన మీ బాత్రూమేగా. ఆ నీళ్లే దిగుతన్నయ్. మీ బావగారికి చెబితే ఆయన ఊరుకుంటారా? పైకెళ్లి మీ ఆయన్ని అడుగుతారు. అసలే ఉప్పూ నిప్పూ. ఆ గొడౌన్ గొడవకి ఇదొకటి తోడైతే ఇక మనిద్దరం కూడా మాట్టాడుకోటం ఉండదు. అందుకని చెప్పలా. నువ్వూ చెప్పమాక."

"ఆయనకి కనపడలేదా?"

"ఆయన రాత్రి వచ్చి పడుకోటం, పొద్దున్నే కొట్టుకెళ్లటం. కర్టెన్ బాగుందన్నారు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా మాటలు నిలబడటం కోసం ఈ మనిషి తన ఊపిరి తాకట్టు పెట్టింది. నేను క్లాసులో పిల్లలకు పర్యాయపదాలూ నానార్థాలూ చెప్తుంటాను. గోడకు దిగిన తడినీ మనవాళ్లు నెమ్ము అనే అంటారు, ఛాతీలో చేరినదాన్నీ నెమ్ము అనే అంటారు. ఆ గదిలో నిలబడితే ఆ మాట ఎవరు పుట్టించారో గాని, ఊరికే పుట్టించలేదనిపించింది.

ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగాక చెప్పాను. ముందు ఆయన మొహం బిగిసింది.

"అన్నయ్య చెప్పమన్నాడా?"

"బావగారికి అసలు తెలీదు. అక్కయ్య చెప్పొద్దంది. గొడవవుతుందని ఇన్నాళ్లూ కర్టెన్ కట్టి దాచిపెట్టింది. ఇన్‌హేలర్ పీలుస్తోంది ఇప్పుడు."

ఆయన గ్లాసు కింద పెట్టారు. చాలాసేపు బాల్కనీలో నిలబడి వీధిలో తోపుడుబళ్లు చూస్తూ ఉండిపోయారు. లోపలికొచ్చి, "వదిన ఆ గదిలోనేగా కుడుతుంది రోజంతా" అన్నారు. అంతే. మర్నాడు సెలవు పెట్టి ప్లంబరును పిలిపించారు.

బాత్రూమ్ నేల పగలగొడితే సంగతి తెలిసింది. నీళ్లు పోయే జాలీ కింద పైపు అతుకు విడిపోయి, మేం పోసుకున్న ప్రతి చెంబు నీళ్లలో కొంత కింది గోడలోకి దిగుతోంది. అదంతా తీసి కొత్త పైపు వేసి, నేలకు నీరు దిగని పూత పూసి, టైల్స్ మళ్లీ పరిచేదాకా మాకు బాత్రూమ్ లేదు. కింద అక్కయ్య వాళ్ల బాత్రూమే దిక్కు. పొద్దున్నే భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టెతో మా ఆయన మెట్లు దిగి అన్నగారి ఇంట్లోంచి నడుచుకుంటూ వెళ్లేవారు. బావగారు పేపరు అడ్డం పెట్టుకునేవారు. పేపరు కింద నుంచి కాళ్లు చూసి ఎవరో తెలుసుకునేవారేమో. ఒకరోజు నీళ్లు చల్లగా ఉండి మా ఆయన లోపల నుంచి తుమ్మితే, "గీజర్ స్విచ్ బయటుందని చెప్పు" అన్నారు బావగారు, అక్కయ్యతో. ఆమె చెప్పేలోపే స్విచ్ ఆయనే వేశారు.

బాత్రూమ్ పని నడుస్తుండగా అక్కయ్య గోడ విషయం బావగారికి చెప్పక తప్పలేదు. ఆయన కర్టెన్ తీసి చూశారు. కోప్పడలేదు. కానీ ఆయన తొందర మనిషి. ఏదైనా కనపడితే ఆ నిమిషంలోనే అది అయిపోవాలి.

"బూజే కదా. చీపురుతో దులిపి రెండు కోటింగులు రంగేయిస్తే దసరాకి గది మెరిసిపోద్ది" అన్నారు.

మన భాషలో సాలెగూడునూ బూజే అంటాం, గోడకు పట్టిన ఈ నల్లటిదాన్నీ బూజే అంటాం. బావగారు మొదటిదానికి చేసే పని రెండోదానికి చేశారు. నేను స్కూలుకి బయల్దేరుతూ చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నాను, కింద నుంచి ఆయన గొంతు వినపడింది.

"ఒరేయ్ తమ్ముడూ. తమ్ముడూ, కిందికి రారా."

మా పెళ్లయిన కొత్తలో వినేదాన్ని ఆ పిలుపు. మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా దిగారు. వెనక నేను. అక్కయ్య హాల్లో నేల మీద ముందుకు వంగి కూర్చుని ఉంది. భుజాలు ఎగసిపడుతున్నాయి, గాలి లోపలికి వెళ్తోంది గాని బయటికి రావడం లేదు. మాట రావడం లేదు. పడకగది గుమ్మంలో చీపురు పడి ఉంది. గదిలో వెలుతురు పడ్డ చోటల్లా సన్నటి దుమ్ము తేలుతోంది. ఆయన పొడిచీపురుతో గోడంతా గీకారు, ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆమె అప్పటిదాకా పక్కనే నిలబడి బకెట్టు అందించిందట.

ఇన్‌హేలర్ పీల్పించి, ఇద్దరన్నదమ్ములూ చెరో రెక్కా పట్టుకుని ఆమెను దించారు. మా వీధిలోకి ఆ వేళప్పుడు ఆటో రావడమే గగనం. సరుకు దించే బళ్లు, బస్తాల తోపుడుబళ్లు. మా ఆయన ముందు పరిగెత్తి, "జరగండి బాబూ, పేషెంటు" అని ఒక్కో బండినీ పక్కకు తోయించారు. వెనక ఆటోలో అక్కయ్య నా ఒళ్లో, ఆమె చేయి బావగారి చేతిలో. "నేనే చేశాను, నేనే చేశాను" అని ఆయన గొణుగుతూనే ఉన్నారు.

ఆస్పత్రిలో ముక్కుకు మూతికి కలిపి మాస్కు పెట్టి మందుగాలి పట్టించారు. కాసేపటికి భుజాలు కుదుటపడ్డాయి. పెదాలకు రంగు వచ్చింది. డాక్టరమ్మ వచ్చి బావగారిని చూసింది. ఆయన నిలబడే ఉన్నారు.

"మీరు మంచికే చేశారండీ. కానీ దాన్ని పొడిగా గీకితే గోడ మీద ఉన్నదంతా గాల్లోకి లేస్తుంది. గాల్లో ఉన్నదంతా ఆవిడ ఛాతీలోకి వెళ్లింది."

మాస్కు తీయగానే అక్కయ్య అడిగిన మొదటి మాట నేను మరిచిపోలేను. నీళ్లు కావాలని కాదు, ఇంటికెప్పుడు వెళ్లాలని కాదు.

"మరెట్టా తియ్యాలండీ దాన్ని?" అంది.

"మీరు తియ్యకూడదు" అంది డాక్టరమ్మ నవ్వి.

"నేను తియ్యనండి. వీళ్ల చేత తీయిస్తా. చెప్పండి."

ఆమె ఇంటర్ దాకా చదివింది. తర్వాత ఎవరూ చదివించలేదు. కానీ ఆ రోజు మంచం మీద పడుకుని ఆమె అడిగిన ప్రశ్నలు వింటే, నా క్లాసులో ఇలాంటి పిల్ల ఒక్కతి ఉంటే చాలనిపించింది. తడి ఎంతకి ఆరుద్ది? బ్లీచింగ్ వాడొచ్చా? పరుపు ఏం చెయ్యాలి? పట్టుగుడ్డలకి పట్టిన వాసన పోవాలంటే? గోడ బాగుచేసేటప్పుడు నేనెక్కడుండాలి? మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి? డాక్టరమ్మ విసుక్కోకుండా అన్నిటికీ చెప్పింది. ఒకచోట, "ఇది నాకు తెలీదండీ, మేస్త్రీని అడగండి" అని కూడా అంది. అక్కయ్య అలాగే మేస్త్రీని అడిగింది.

ఆస్పత్రి నుంచి ఆమె తన ఇంటికి వెళ్లలేదు. నేరుగా మా ఇంటికే తెచ్చుకున్నాను. మా అమ్మాయి గది ఖాళీగానే ఉంది. బావగారు పగలు కొట్టు, రాత్రి కింద హాల్లో చాప. రెండుపూటలా భోజనానికి పైకి వచ్చేవారు. అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. మొదట్లో పప్పు గిన్నె నా చేతి మీదుగా అటూ ఇటూ తిరిగేది. తర్వాత నా అవసరం లేకుండానే తిరగడం మొదలైంది.

కింద ఆ గది కిటికీలు తెరిచి, తలుపు మూసి, గోడ ఆరడానికి వదిలేశాం. వానలు తెరిపిచ్చాయి. తడి ఇక కొత్తగా దిగడం లేదని తేలాక ఒక ఆదివారం పని పెట్టుకున్నాం. బావగారు, మా ఆయన, నేను. ముగ్గురికీ మూతిని గట్టిగా పట్టుకునే ఎన్-95 మాస్కులు, మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు. బావగారు అద్దాల్లోంచి మా ఆయన్ని చూసి, "బైకు రేసుకి పోయేవాడిలా ఉన్నావురా" అన్నారు. మా ఆయన, "నువ్వు వెల్డింగు షాపువాడిలా ఉన్నావు" అన్నారు. నేను బకెట్టు మీదికి వంగాను, నా మొహం వాళ్లు చూడకుండా.

అక్కయ్య పైన మా హాల్లో కూర్చుని ఫోన్లో నడిపించింది. ఫోను కిటికీ గట్టు మీద స్పీకరులో పెట్టాం.

"కిటికీలు తీశారా?"

"తీశాం."

"తలుపు?"

"వేశాం. కింద సందులో తడిగుడ్డ పెట్టాం."

"ఫ్యాను?"

బావగారు గబుక్కున వెళ్లి స్విచ్ ఆపేశారు. "ఆపే ఉంది" అన్నారు.

"ఇప్పుడు ఆపారుగా, వినపడింది" అంది. "సరే. ముందు తడపండి. ఎక్కడా పొడిగా ముట్టుకోవద్దు."

సబ్బునీళ్లు స్ప్రే సీసాలో పోసి గోడ మీద మెల్లగా చల్లాం. నానాక గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మళ్లీ బకెట్టులో ముంచకుండా నేరుగా ప్లాస్టిక్ సంచిలో వేశాం. మళ్లీ కొత్త గుడ్డ. బీరువా వెనక భాగమూ, కాళ్లూ అలాగే తుడిచాం. కింది భాగంలో ప్లాస్టరు చేత్తో నొక్కితే పొడి రాలుతోంది. అది తుడిస్తే పోయేది కాదు. తడుపుతూనే పెళ్లలు తీసి సంచుల్లో నింపి, అక్కడే మూతి కట్టి బయటికి పంపాం. ఆ పక్కన ఒకచోట నలుపు మొండికేసింది. మా ఆయన ఓపిక నశించి బాత్రూమ్‌లోంచి బ్లీచింగ్ పౌడరు, దానితో పాటు యాసిడ్ సీసా తెచ్చారు.

"రెండూ కలిపి పోస్తే దెబ్బకి పోద్ది" అన్నారు.

"ఏంటి కలిపేది?" ఫోన్లోంచి అక్కయ్య గొంతు. నేను చెప్పాను.

"ఆ యాసిడ్ సీసా ముందు బయట పెట్టించు. బ్లీచింగూ యాసిడూ కలిస్తే విషగాలి పుట్టుద్ది. నా సంగతి దేవుడెరుగు, మీ ముగ్గుర్నీ మోసుకెళ్లాలి. సబ్బునీళ్లు చాలు. పోకపోతే ఆ ముక్క ప్లాస్టరు కూడా తీసెయ్యండి."

మా ఆయన బుద్ధిగా సీసా పట్టుకెళ్లి బాల్కనీలో పెట్టారు. "సరే వదినా" అన్నారు ఫోనుతో. ఆఫీసులో పై అధికారికి కూడా అంత వినయంగా జవాబివ్వరు.

ఆఖరున పరుపు మిగిలింది. అది ఆమె పెళ్లికి వాళ్ల నాన్న బూరుగుదూది తీయించి కుట్టించింది. రెండు మూడేళ్లకోసారి ఏకించి కొత్త గలీబు వేయించుకుంటూ, ఎవరెంత చెప్పినా ఫోము పరుపు కొననివ్వలేదు. తలాపు వైపు తిప్పి చూస్తే అడుగంతా నల్ల చుక్కలు. గలీబు కోసి చూశాం, దూది కూడా ముద్దకట్టి వాసన వేస్తోంది. బావగారు నా వైపు చూశారు.

"పరుపు ఎట్టా ఉంది?" తనే అడిగింది.

"అక్కయ్యా, దూదిలోకి దిగింది."

ఫోన్లోంచి పైన మా కుక్కర్ విజిల్ వినపడింది.

"అది ఉతికితే పోయేది కాదంట. పెద్ద సంచిలో కట్టి పారెయ్యండి" అంది. గొంతు మామూలుగానే ఉంది. ఆ రోజు తర్వాత ఎప్పుడూ ఆ పరుపు ప్రస్తావన తేలేదు. ఒక్కసారి మాత్రం, కొత్త పరుపు పరుస్తున్నప్పుడు, "నాన్న ఉంటే ఆయనే పారేసేవాడు" అంది.

కర్టెన్లూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతికి డాబా మీద ఎండలో ఆరేశాం. మగ్గం చట్రం తుడిచి ఎండబెట్టాం. మేం ముగ్గురం కూడా ఆ బట్టలు విప్పి విడిగా నానేసి స్నానాలు చేశాం. మేస్త్రీ వచ్చి కొత్త ప్లాస్టరు వేశాడు.

దసరా దగ్గర పడింది. కొండమీదికి వెళ్లే జనంతో మా వీధులు నిండిపోయే రోజులు, మా ఇంటికి చుట్టాలు దిగే రోజులు. బావగారికి మళ్లీ తొందర పుట్టింది. రంగులవాణ్ణి తీసుకొచ్చేశారు. అక్కయ్య గుమ్మంలో నిలబడి వాణ్ణి లోపలికి రానివ్వలేదు.

"తడి గోడ మీద రంగేస్తే నేను కర్టెన్ కట్టినట్టేగా అది. ఇంకా ఆరలా" అంది.

"పైకి ఆరినట్టే ఉందిగా."

ఆమె ఆయన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లింది. డిజైన్లు దించుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం ఒక ముక్క కోసి, నాలుగు అంచులా టేపు వేసి గోడకు అతికించి ఉంచింది ముందు రోజు. లోపలి వైపు సన్నటి నీటి చుక్కలు పట్టి ఉన్నాయి. ఇది మేస్త్రీ చెప్పిన ఉపాయమట. బావగారు వేలితో ఆ కాగితం మీద తట్టి చూశారు. రంగులవాడికి టీ ఇప్పించి పంపేశారు.

అలా ఆ దసరాకి మా ఇంట్లో ఒక గది సిమెంటు గోడతోనే ఉండిపోయింది. చుట్టాలొచ్చారు. పండగపూట ఈ అవతారమేంటని ఒకావిడ అడగనే అడిగింది. ఒకప్పుడైతే అక్కయ్య ఆ తలుపు మూసేసేది. ఈసారి ఆవిడ్ని లోపలికి పిలిచి, కాగితం ముక్క చూపించి, మొత్తం చెప్పింది. చెప్పి, "మీ ఇంట్లో బీరువాలు గోడకి ఆనించి ఉన్నయ్యా వదినగారూ? కాస్త జరిపి చూడండి ఓసారి" అంది. ఆవిడ మొహం మారిపోయింది. ఇంటికెళ్లి చూసుకుందని తర్వాత తెలిసింది.

కాగితం లోపల చుక్కలు పట్టడం మానేశాకే గోడకు రంగు పడింది. అక్కయ్య తన గదికి దిగింది. మగ్గం ఇప్పుడు కిటికీ దగ్గర ఉంది. బీరువాకూ గోడకూ మధ్య చేయి పట్టేంత సందు. బాత్రూముల్లో గాలి లాగే ఫ్యాన్లు పెట్టించారు, పైనా కిందా. ఇన్‌హేలర్ పూర్తిగా మానలేదు. చలికాలంలోనూ, గొడౌన్‌లో బస్తాలు దింపే రోజుల్లోనూ కావాల్సి వస్తుంది. డాక్టరమ్మ మోతాదు తగ్గించింది. దగ్గు లేని రోజులే ఎక్కువ. ఒకసారి స్కూల్లో నా దగ్గర చదువుకున్న అమ్మాయి కూచిపూడిలో నాట్య ప్రదర్శనకు పిలిస్తే ఇద్దరం బస్సులో వెళ్లొచ్చాం. దారంతా ఆమె కిటికీ తెరిచి, పచ్చటి వరిచేల మీంచి వచ్చే గాలికి మొహం పెట్టి కూర్చుంది. నేను నిద్రపోయాను. ఆమె పక్కన ఉంటే ఊపిరి వింటూ కూర్చోవాల్సిన అవసరం లేకుండా నిద్రపోవడం చాలా రోజుల తర్వాత నాకదే మొదటిసారి.

అన్నదమ్ముల సంగతంటారా, గొడౌన్ అమ్మలేదు. దాని గురించి ఎవరి మాట వాళ్లదే. కానీ ఇప్పుడు ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకుంటారు. మా ఆయన గొంతు పెంచితే బావగారు, "వదినకి పడదురా, మెల్లగా" అంటారు. కోపంలో కూడా ఇద్దరూ ఆ ఒక్క మాటకు తగ్గుతారు.

మొన్న వానలకు మా వెనక సందులో ఒక ఇంటివాళ్లు కబురు చేశారు. వాళ్ల కోడలికి పసిబిడ్డ, ఆ గదిలో గోడ నల్లబడిందట, రంగు వేయించబోతున్నారట. అక్కయ్య బ్యాగులో మాస్కు పెట్టుకుని బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను. గుమ్మంలోనే మాస్కు కట్టుకుంది. గదిలోకి వెళ్లకుండా బయట నుంచే చూసి, "ముందు బిడ్డనీ తల్లినీ వేరే గదిలోకి మార్చండమ్మా" అంది. తర్వాత, "రంగు సంగతి తర్వాత. నీళ్లు ఎక్కడి నుంచి వస్తన్నయ్యో అది చూశారా?" అంది. ఆ ఇంటి పెద్దాయన రిటైరైన ఇంజనీరు. ఆయన పైన ట్యాంకు పైపుల గురించి చెప్తుంటే, ఈమె సూటిగా ఒకదాని తర్వాత ఒకటి అడుగుతోంది. ఆయన ఆలోచించి జవాబు చెప్తున్నారు. ఇద్దరూ డాబా మీదికి వెళ్లారు. ఆమె మెట్లెక్కుతూ మాట్లాడుతూనే ఉంది.

కింద నిలబడ్డ నన్ను ఆ ఇంటావిడ అడిగింది, "ఆవిడ ఏం చేస్తారండీ? డాక్టరా?"

"కాదండి. మగ్గం పని చేస్తుంది" అన్నాను. "మా అక్కయ్య."